మా చిన్న మావయ్యని కట్టాల్సిన మోకు

ప్రజాప్రయోజనార్థం రాస్తున్నాను. కారణం మా చిన్న మావయ్య.

పోయిన నెల విజయనగరంలో మా చెల్లెలి పెళ్ళిమాటలు. మగపెళ్ళివారు ఎనిమిది మంది. పలాస జీడిపప్పు దండిగా వేసి ఉప్మా చేశాం. లాంఛనాల దగ్గర కూడా పేచీ రాలేదు, అంత సవ్యంగా నడుస్తోంది వ్యవహారం. అప్పుడు మావయ్య ప్లేటు కింద పెట్టి, కండువాతో మూతి తుడుచుకుని, ఎంతో ఆప్యాయంగా అడిగాడు: "బాబుకి జుత్తు సొంతమేనేటి?" పెళ్ళికొడుకు చెయ్యి దానంతటదే నెత్తి మీదికి వెళ్ళిపోయింది. వాళ్ళమ్మ చెంచా ఉప్మాలోనే ఆగిపోయింది. సంబంధం కూడా.

బెంగళూరులో ఉద్యోగం చేసే మా తమ్ముడు ఆ సాయంత్రం "మావయ్య పెద్ద లూజ్ కానన్" అన్నాడు. మావయ్యకి మొదటి మాట ఒక్కటే వినబడింది. "నన్ను లూజంటాడేట్రా?" అని మూడు రోజులు మా ఇంట మంచినీళ్ళు ముట్టలేదు. ఇంగ్లీషు ఎమ్మే చేసి ఖాళీగా ఉన్నవాణ్ణి నేనే కాబట్టి, అర్థం చెప్పి శాంతింపజేసే పని నా నెత్తిన పడింది.

కానన్ అంటే ఫిరంగి, లూజ్ కానన్ అంటే కట్టు తెగిన ఫిరంగి. పాతకాలం చెక్క యుద్ధనౌకల్లో ఫిరంగిని చిన్న చక్రాల బండి మీద పెట్టి, లావుపాటి మోకులతో ఓడ గోడకి కట్టేవారు. 32 పౌండ్ల గుండు పేల్చేదైతే ఒక్కొక్కటీ రెండున్నర టన్నుల పైమాటే. పేలినప్పుడు వెనక్కి తంతుంది, ఆ మోకే ఆపుతుంది. తుపానులో మోకు తెగిందా, ఓడ ఎటు ఒరిగితే అటు దొర్లుతూ, అడ్డొచ్చిన మనిషినీ చెక్కనీ నుగ్గుచేస్తుంది. శత్రువుతో పనే లేదు. 1874లో వచ్చిన ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో నవలలో, ఫిరంగిని సరిగ్గా కట్టని సైనికుడే ప్రాణాలకి తెగించి దాన్ని ఆపుతాడు. ఆపినందుకు పతకం తగిలించి, కట్టనందుకు కాల్చి చంపుతారు. మన దగ్గరైతే పతకం దాకా వచ్చి ఆగి, శాలువా కప్పి, వచ్చే ఎన్నికల్లో టికెట్టు ఇస్తాం.

ఈ బిరుదు అందరికీ ఇవ్వకూడదు. రోజూ పదింటికి ఠంచనుగా అరిచే ఆఫీసరుకి చెల్లదు, ఆయన్ని చూసి గడియారం సరిచేసుకోవచ్చు. ఎదుటి పక్షం వాడికీ చెల్లదు. మన ఓడలోనే ఉండాలి, మన ఉప్మాయే తినాలి, ఎప్పుడు పేలతాడో మనకే తెలియకూడదు. మావయ్య అన్నిట్లోనూ పాసు.

అయినా ఫిరంగి గురించి మన జిల్లాలో ఎవరికి చెప్పాలి? 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద పేలిన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు మోకు తెంచుకుని రాలేదు, గురి చూసి చెప్పిన చోటే పేలాయి. పిలిచింది మా విజయనగరం రాజావారే, కనుక ఈ పేరా ఇక్కడితో ముగిస్తాను.

తెలుగులో దీనికి దగ్గరగా అచ్చోసిన ఆంబోతు అనే మాట ఉంది, నా మటుకు అదే నిజాయితీగల మాట. ఇంగ్లీషు వాడు తప్పంతా మోకు మీదికి తోసేశాడు. ఆంబోతు తెంచుకుపోయింది కాదు. దేవుడి పేరు చెప్పి అచ్చువేసి, దణ్ణం పెట్టి మరీ వదిలింది ఊరు. చేను మేస్తే తిట్టిపోసేదీ అదే ఊరు.

ఇదంతా నలభై నిమిషాలు చెప్పాను. మావయ్య ఆంబోతు దగ్గర కాస్త ముఖం ముడిచాడు గానీ మొత్తానికి శాంతించాడు. "అయితే కట్టనోడిదేరా తప్పు" అన్నాడు. అత్త వంటింట్లోకి వెళ్ళిపోయింది.

వచ్చే ఆదివారం శ్రీకాకుళం నుంచి ఇంకో సంబంధం వాళ్ళు వస్తున్నారు. మావయ్యని పిలవకూడదని అందరం ఏకగ్రీవంగా తీర్మానించాం. కాకపోతే అబ్బాయి జీతం చెప్పినంతా ఉందో లేదో మొహం మీద అడగాలి, ఆ ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. నిన్న రాత్రి అమ్మ మావయ్య పట్టుపంచె ఇస్త్రీకి పంపించింది.