సవరణ: బోయిన్‌పల్లి మార్కెట్ గ్యాస్ ఆటోల్లోకి వెళ్లదు

సికింద్రాబాద్‌లోని బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ బయోగ్యాస్ ప్లాంటు గురించి మొన్న పెట్టిన పోస్టులో, అక్కడి గ్యాస్‌ను నేరుగా సీఎన్‌జీ ఆటోల్లో నింపుతారని రాశాను. అది తప్పు.

ఆ గ్యాస్‌తో జనరేటర్ తిప్పి కరెంటు తీస్తారు, కొంత మార్కెట్ వంటగదికి ఇస్తారు. 2021 మొదట్లో అధికారికంగా బయటికొచ్చిన వివరాల ప్రకారం రోజుకు దాదాపు 10 టన్నుల వ్యర్థాలతో 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల ఇంధనం వచ్చేవి. మార్కెట్‌లో వీధి దీపాలు, దుకాణాలు, నీటి సరఫరా ఆ కరెంటు మీదే నడిచాయి. సాంకేతికత హైదరాబాద్‌లోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీది.

బయోగ్యాస్, సీబీజీ (కంప్రెస్డ్ బయోగ్యాస్, అంటే శుద్ధి చేసి ఒత్తిడితో నింపిన బయోగ్యాస్) ఒకటే అనుకోవడంతో వచ్చిన తికమక ఇది. మెత్తబడ్డ టమాటాలు, క్యాబేజీ ఆకులు ముక్కలు చేసి, జావలా కలిపి, గాలి చొరబడని ట్యాంకులో మురగబెడితే వచ్చే గ్యాస్‌లో మీథేన్ సాధారణంగా 60 శాతం అటూఇటూ ఉంటుంది. మిగతాది ఎక్కువగా కార్బన్ డయాక్సైడ్. కాస్త హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా ఉంటుంది, ఆ కుళ్లిన కోడిగుడ్డు కంపు దానిదే. ఇంజన్ భాగాల్ని తినేసేదీ అదే. ఇవన్నీ తీసేసి, మీథేన్ కనీసం 90 శాతానికి చేర్చి, ఒత్తిడితో సిలిండర్లలోకి ఎక్కిస్తేనే సీబీజీ. 2018లో మొదలైన 'సతత్' పథకం కింద చమురు కంపెనీలు కొనేది దీన్నే.

ఇంకో మాట. సీఎన్‌జీలో, ఇళ్లకు పైపుల్లో వచ్చే గ్యాస్‌లో 5 శాతం సీబీజీ కలపాలన్న నిబంధన వెంటనే అమలవుతుందని కొందరు అర్థం చేసుకున్నారు. కేంద్రం ప్రకటించిన లెక్క 2025-26కి 1 శాతమే. ఆపైన 3, 4 శాతాలు దాటి, 5కు చేరేది 2028-29లో.