గట్టా పెర్చా కడ్డీ గారికి విన్నపం

మహారాజశ్రీ గట్టా పెర్చా గారి సముఖానికి,

పర్లాకిమిడి నుండి, ఎడమవైపు కింది దవడలో రూట్ కెనాల్ చేయించుకుని, శుభ్రం చేసిన పంటి వేరు గొట్టాలను తమరితో నింపించుకున్న ఆసామి వ్రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ ఆ పన్ను తప్ప తక్కినవన్నీ క్షేమం.

మలయా దీవుల చెట్ల పాలలో పుట్టి, సముద్రం అడుగున తంతి తీగలకు తొడుగై, 1867 నాటికి అమెరికాలో పంటి వేళ్ళలోకి దిగిన వంశం తమది. అంతటివారు నా నోట్లోకి దయచేయడం భాగ్యమే గాని, తమ కడ్డీలో తమరు ఐదో వంతేనని, మిగిలిన దాంట్లో సింహభాగం జింక్ ఆక్సైడేనని తెలిసినప్పుడు మాత్రం మా పాలవాడు గుర్తొచ్చాడు.

తమరిని దించే పద్ధతి దగ్గరే వచ్చింది తంటా. మా ఊరి డాక్టరు గారిది చల్లని పద్ధతి. సీలరనే జిగురు పూసిన పెద్ద కడ్డీని గొట్టంలోకి దించి, స్ప్రెడరనే మొనదేలిన పరికరంతో పక్కకు ఒత్తి, ఏర్పడిన సందులో ఒక పిల్ల కడ్డీని, మళ్ళీ ఒత్తి మరొకదాన్ని దూర్చుకుంటూ పోతే, చివరకు మూడు గొట్టాల తోకలూ పన్ను మీద చీపురుకట్టలా నిలబడ్డాయి. వాటిని కాల్చిన పరికరంతో తెగ్గోసినప్పుడు వచ్చిన వాసనకు, స్కూటరు టైరుకు అతుకు వేస్తున్నారేమో అనుకున్నాను. కడ్డీకీ కడ్డీకీ మధ్య సందులు మిగులుతాయని, మరీ గట్టిగా ఒత్తితే వేరు చీలే ప్రమాదమూ ఉందని బరంపురం డాక్టరు గారు పెదవి విరిచారు. వారిది వేడి పద్ధతి, 1967లో అమెరికా దంతవైద్యులు షిల్డర్ గారు ప్రచారంలోకి తెచ్చినది. కరిగిన తమరు మూలమూలలకూ పాకుతారట, ఒక్కోసారి వేరు కొస దాటి ఎముకలోకి కూడా. ఇవేవీ వద్దు, సిమెంటు లాంటి బయోసెరామిక్ సీలరుతో ఒకే కడ్డీ చాలునన్నది వారి దగ్గరి కుర్ర డాక్టరు గారి మాట.

సరిహద్దు సంగతి మాకు ఒకరు చెప్పాలా? 1936లో గీసిన గీతతో మా ఊరు ఒడిశాకు వచ్చింది, కూతవేటు దూరంలోని పాతపట్నం అవతల ఉండిపోయింది. తమ గీత అంతకంటే ఇరుకు: ఎక్స్‌రేలో వేరు కొసకు ఇవతల, రెండు మిల్లీమీటర్ల లోపే ఆగాలి.

చల్లని, వేడి పద్ధతుల పరిశోధనలను కలిపి చూసిన 2007 నాటి సమీక్షలో, కొస దాటడం వేడి పద్ధతిలో ఎక్కువని తేలింది. నొప్పిలో గాని, దీర్ఘకాల ఫలితంలో గాని చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. బిల్లులో మాత్రం కనిపిస్తుంది.

ఇంతకీ నా పన్ను మళ్ళీ ఎందుకు సలుపుతోందో తమరికి తెలుసు. క్యాప్ వేయించుకోమని మా ఊరి డాక్టరు గారు మూడుసార్లు చెప్పారు. పండగ తర్వాత చూద్దామని ఎనిమిది నెలలు గడిపాను. మురీ మిక్చరు నములుతుండగా పైపూత ఊడితే నాలుకతో తడుముకుని ఊరుకున్నాను. పైకప్పు లేని కొంపలోకి ఉమ్మి, దానితో సూక్ష్మజీవులు దిగుతుంటే, తమరిని వేడిగా దించితేనేం, చల్లగా దించితేనేం.

వచ్చే సోమవారం తమరిని పీకి, గొట్టాలు మళ్ళీ శుభ్రం చేస్తారట. ఈసారి ఏ పద్ధతి కావాలని అడిగారు. క్యాప్‌కు డబ్బు ముందే కట్టేసి వచ్చాను.

చిత్తగించవలెను.