రిజిస్టర్‌లో రాయని పేరు

1976 మార్చి 1 తెల్లవారుజామున కోజికోడ్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీలో చివరి సంవత్సరం చదువుతున్న రాజన్‌ను పోలీసులు పట్టుకెళ్లారు. ఆ సంగతి ప్రిన్సిపాల్ రాజన్ తండ్రికి రిజిస్టర్డ్ పోస్టులో తెలియజేశారు. కుర్రాణ్ని ఎవరు తీసుకెళ్లారన్న దాంట్లో మొదటి రోజు నుంచీ ఎవరికీ అనుమానం లేదు. అయినా అరెస్టు చేసినట్టు ఎక్కడా రాయలేదు. ఏ మేజిస్ట్రేట్ ముందూ నిలబెట్టలేదు.

తండ్రి ఈచర వారియర్ హిందీ ప్రొఫెసర్. కక్కయం పోలీసు క్యాంపు దాకా వెళ్తే లోపలికి రానివ్వలేదు. రాష్ట్ర హోం మంత్రి కె.కరుణాకరన్‌ను కలిశారు. హోం కార్యదర్శికి, కేంద్ర హోం మంత్రికి, రాష్ట్రపతికి అర్జీలు పెట్టారు. ఏడాది గడిచినా కొడుకు ఎక్కడున్నాడో చెప్పినవారు లేరు. కోర్టుకు వెళ్దామంటే ఆ తలుపూ మూశారు. ఎమర్జెన్సీ ఉన్నన్నాళ్లూ పట్టుకెళ్లిన మనిషిని కోర్టుకు తెచ్చి చూపించమని హెబియస్ కార్పస్ పిటిషన్ వేసే హక్కు పౌరులకు లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు 4-1 తేడాతో తీర్పు చెప్పింది. జస్టిస్ హెచ్.ఆర్.ఖన్నా ఒక్కరే కాదన్నారు. ఆ తీర్పు తప్పని సుప్రీంకోర్టే చెప్పడానికి 2017 దాకా పట్టింది.

1977 మార్చి 21న ఎమర్జెన్సీ ఎత్తేశారు. కొద్ది రోజుల్లోనే వారియర్ కేరళ హైకోర్టులో పిటిషన్ వేశారు. అప్పటికి ముఖ్యమంత్రి అయిన కరుణాకరన్, రాజన్ అసలు పోలీసు కస్టడీలోనే లేడని ప్రమాణ పత్రం ఇచ్చారు. కోర్టు నమ్మలేదు. విద్యార్థులూ క్యాంపులో ఉన్నవారూ చెప్పిన సాక్ష్యం విని, రాజన్‌ను తీసుకొచ్చి చూపించమని ఏప్రిల్ 13న ఆదేశించింది. అప్పుడు బయటపడింది, రాజన్ ఎప్పుడో చనిపోయాడని. బెంచీకి కట్టేసి తొడల మీద రోకలి దొర్లించడం ఆ క్యాంపులో మామూలుగా పెట్టిన చిత్రహింస. ముఖ్యమంత్రి నెల తిరగకుండానే రాజీనామా చేశారు. శవం మాత్రం ఇప్పటిదాకా దొరకలేదు. కుంగిపోయిన తల్లికి కొడుకు ఇక రాడన్న మాట చెప్పలేకపోయారు. ఆమె 2000లో, వారియర్ 2006లో కన్నుమూశారు. కొడుకు పోయిన తిథి తెలియని తల్లిదండ్రులు తద్దినం ఎప్పుడు పెట్టుకుంటారు?

ఇది ఎక్కడో కేరళ కథ అని తెలుగువాళ్లు అనుకోలేరు. 1975 జూలైలో మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో కాల్చి చంపిన నలుగురిలో వరంగల్ రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థి జనార్దన్ ఉన్నాడు. ముందే పట్టుకుని తర్వాత చంపారని మాజీ న్యాయమూర్తి తార్కుండే నాయకత్వంలోని పౌర కమిటీ విచారణలో తేల్చింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు మన పత్రికల్లో ఒక ప్రకటన వస్తూనే ఉంది: 'అదుపులోకి తీసుకున్న ఫలానా వ్యక్తిని వెంటనే కోర్టులో హాజరుపరచాలి.' దాని వెనక ఎంత భయం ఉందో ఇక్కడ పెరిగినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మఫ్టీలో వచ్చి ఎత్తుకెళ్లారని తెలిసిన క్షణం నుంచి ఆ ఇంటివాళ్లకు గడియారమే టెన్షన్. తెల్లారేలోపు పిటిషన్ పడకపోతే పొద్దున రేడియోలో ఎన్‌కౌంటర్ వార్త వినాల్సి వస్తుందేమోనని పరుగులు. పోలీసులు పట్టుకున్నవాడు తుపాకీ పట్టినవాడే కావచ్చు, నేరం చేసినవాడే కావచ్చు. 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందుకు తేవాలని రాజ్యాంగం 22వ అధికరణంలో రాసిన మాట వాడికీ వర్తిస్తుంది.

పంజాబ్‌లో మాయమైన మనుషుల జాడ దొరికింది శ్మశానాల దగ్గర. అమృత్‌సర్‌కు చెందిన మానవ హక్కుల కార్యకర్త జస్వంత్ సింగ్ ఖల్రా, పోలీసులు గుర్తు తెలియని శవాలంటూ తెచ్చి కాల్చిన లెక్కలను శ్మశానాల రికార్డుల నుంచి బయటికి తీశారు. మనిషి పేరు రాయనివాళ్లు కట్టెల లెక్క మాత్రం రాసుకున్నారు. 1995 సెప్టెంబర్ 6న ఖల్రాను కూడా ఇంటి దగ్గర నుంచి ఎత్తుకెళ్లి చంపేశారు. ఒక్క అమృత్‌సర్ జిల్లాలోనే ఇలా 2,097 శవాలను కాల్చినట్టు సీబీఐ తేల్చింది. అందులో 1,238 మంది ఎవరో పోల్చలేకపోయింది. ఖల్రా హత్యలో పోలీసులకు పడిన యావజ్జీవ శిక్షలు సుప్రీంకోర్టులో ఖాయం కావడానికి 2011 వచ్చింది.

కశ్మీర్‌లో భర్త జాడ తెలియని ఆడవాళ్లను సగం వితంతువులు అంటారు. ఏడేళ్లు ఏ కబురూ లేకపోతే తప్ప మనిషి చనిపోయాడని చట్టం అనుకోదు. అప్పటిదాకా మరణ ధ్రువపత్రం రాదు. అది లేకపోతే బ్యాంకు ఖాతా, పింఛను, భూమి పట్టా అన్నీ ఆగిపోతాయి. పిల్లల్ని సాకుతూ, స్టేషన్ల చుట్టూ తిరుగుతూ, ఆయన బతికి ఉన్నాడనాలో లేడనాలో తెలియక ఆ ఏడేళ్లు గడపాలి. పర్వీనా అహంగర్ తన కొడుకును 1990లో పోగొట్టుకుని, ఇలాంటి కుటుంబాలతో 1994లో సంఘం పెట్టి ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

బలవంతపు అదృశ్యాలను అడ్డుకునే ఐక్యరాజ్యసమితి ఒడంబడిక మీద భారతదేశం 2007 ఫిబ్రవరి 6న సంతకం చేసింది. దాన్ని ఇప్పటికీ ధ్రువీకరించలేదు. ఈలోగా శ్రీలంక 2016లో ధ్రువీకరించి, 2018లో సొంత చట్టం చేసుకుంది. బంగ్లాదేశ్ 2024 ఆగస్టులో చేరింది. మన పాలకులు 2024 జూలై నుంచి కొత్త నేర చట్టాలను అమల్లోకి తెచ్చారు. మనిషిని పట్టుకెళ్లి, తీసుకెళ్లలేదని బుకాయించడాన్ని వాటిలోనూ ప్రత్యేక నేరంగా చేర్చలేదు. అపహరణ, అక్రమ నిర్బంధం సెక్షన్లు ఉన్నాయి కదా అనే వాదన మాకు తెలుసు. ఆ సెక్షన్ల కింద పోలీసులపై కేసు నిలబడాలంటే, పోలీసులు దాచిన సాక్ష్యాన్ని కుటుంబమే వెతికి తేవాలి. వారియర్‌కు ప్రిన్సిపాల్ ఉత్తరం ఉంది, నోరు విప్పే విద్యార్థులున్నారు. అయినా కొడుకు చనిపోయాడని తెలియడానికే ఏడాది దాటింది. అవేవీ లేని కూలి మనిషి, అడవి పల్లెలోని ఆదివాసీ తల్లి సాక్ష్యం ఎక్కడి నుంచి తెస్తారు?

ఒడంబడికను ధ్రువీకరించాలని, పేరు రాయకుండా మనిషిని ఉంచుకోవడాన్నే నేరం చేయాలని, చివరిసారి పోలీసుల చేతిలో కనిపించిన మనిషి ఏమయ్యాడో పోలీసులే రుజువు చేయాలని పార్లమెంటును కోరుతున్నాం. ఢిల్లీ కదిలేదాకా రెండు తెలుగు రాష్ట్రాలు ఆగక్కర్లేదు. అరెస్టయినవారి పేర్లు ప్రతి పోలీస్ స్టేషన్‌లో, జిల్లా కేంద్రంలో అందరికీ కనిపించేలా పెట్టాలని ఆ కొత్త చట్టాల్లో అరెస్టు, విచారణ పద్ధతులు చెప్పే నాగరిక్ సురక్షా సంహిత 37వ సెక్షన్ ఇప్పటికే చెబుతోంది. మేజిస్ట్రేట్లు చెప్పాపెట్టకుండా స్టేషన్లకు వెళ్లి, ఆ బోర్డు మీది పేర్లనూ లాకప్‌లో ఉన్న మనుషులనూ సరిచూడాలి. కొడుకు కోసం వచ్చిన తల్లికి 'మా దగ్గర లేడు' అని చెప్పే అధికారి, ఆ మాటను కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఆమె చేతికి ఇవ్వాలి.