బడి ఫారంలోని 'వడిలాంచే నావ్' (మరాఠీలో 'తండ్రి పేరు') గడి గారికి, కింది 'తల్లి పేరు' గడి రాసుకున్నది

సిరోంచ, మహారాష్ట్ర

మహారాజశ్రీ గడి గారికి దండాలు.

మా వాడి మూడో తరగతి ఫారంలో మిమ్మల్ని ఖాళీగా వదిలినందుకు బడి క్లర్కు సారు నన్ను రెండుసార్లు తిప్పి పంపారు. తప్పు నాదే. మీరు నిండితే ఇల్లు నిండినట్టే కదా! మీలో ఉండాల్సిన మనిషి నాలుగేళ్ల కిందట చంద్రపూర్‌లో పనుందని పోయి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. అయినా ఇక్కడి పద్ధతి ప్రకారం పిల్లాడి పేరుకీ ఇంటిపేరుకీ నడుమ కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఇంట్లో అంతసేపు ఎన్నడూ కూర్చోలేదు.

సర్కారు ఏమీ చెయ్యలేదనను. 2024 మే 1 నుంచి పుట్టినవాళ్లకు తండ్రి పేరు కన్నా ముందు తల్లి పేరు ఉండాలంది. మావాడే తొందరపడి ఏడేళ్ల ముందు పుట్టాడు.

వాడు లెక్క తప్పితే "తండ్రి లేడు కదా" అంటారు. అసలు ఎప్పుడు తప్పుతాడో నన్నడగండి. గ్రూపు కిస్తీ కట్టాల్సిన మంగళవారం. ముందు రాత్రి నాకు నిద్ర ఉండదు. పొద్దున్నే గిన్నెల మీద నా కోపం చూపిస్తుంటే, వాడు చెప్పులు చేతిలో పట్టుకుని చప్పుడు కాకుండా గడప దాటతాడు. బయటి నుంచే, "అమ్మా, తల నొస్తుందా?" అంటాడు. ఆ రోజు బళ్లో ఏడో ఎక్కం మరిచిపోతాడు. మా అమ్మ కాళేశ్వరం నుంచి గోదావరి దాటొచ్చి నాలుగు రోజులుంటే నేను తొమ్మిదింటికే పడుకుంటా. వాడు అదే ఎక్కం గడగడా అప్పజెప్తాడు. ఆ నాలుగు రోజుల్లో తండ్రేమీ తిరిగి రాలేదు మరి!

ఫోన్లో చదివాను లెండి. అమెరికాలో మేవిస్ హెథరింగ్టన్ అనే సైకాలజిస్టు దాదాపు 1,400 కుటుంబాలను ఏళ్ల తరబడి చూసింది. తల్లిదండ్రులు విడిపోయిన పిల్లల్లో నూటికి 25 మందికి గట్టి ఇబ్బందులు, కలిసున్న ఇళ్లలో 10 మందికి. తేడా ఉంది, మీ మర్యాద కోసం ఒప్పుకుంటున్నా. మిగతా 75 మంది కుదురుకున్నారు. తల్లి ప్రేమగా ఉంటూనే పట్టు వదలని ఇళ్లలో ఇంకా బాగా. ఆ పట్టు పట్టాలంటే ముందు కళ్లు తెరుచుకోవాలి కదండీ! 'అమ్మ రాత్రి పడుకుందా' అనే గడి మాత్రం ఏ ఫారంలోనూ కనబడలేదు.

మూడోసారి మిమ్మల్ని మా వాడే నింపాడు. గుండ్రటి అక్షరాలతో వాళ్లమ్మమ్మ పేరు రాశాడు. సారు "నిండింది కదా" అని స్టాంపు కొట్టారు.

ఇట్లు,
మీ కింది గడి