గుత్తి: కాపురాల ఊరు

అనంతపురం జిల్లా గుత్తిలో జనం ఏం చేస్తారని అడిగితే గుత్తివాళ్లకే చప్పున జవాబు దొరకదు. తాడిపత్రి అంటే సిమెంటు, నాపరాళ్లు. ధర్మవరం అంటే పట్టుచీరలు. పామిడి అంటే బట్టల వ్యాపారం, నైటీలు. గుంతకల్లు అంటే రైల్వే. గుత్తి అనగానే కోట గుర్తుకొస్తుంది గానీ, కోట మీద బతికే కుటుంబాలు ఎన్ని ఉంటాయి? అయినా ఊళ్లో ఇళ్లు లేస్తూనే ఉన్నాయి. పాత మిద్దెల పక్కన రెండంతస్తుల ఇళ్లు, కింద యజమాని, పైన బాడుగకున్నవాళ్లు. ఊరి చివర చేలల్లో వెంచర్ల రాళ్లు. పెద్ద ఫ్యాక్టరీ లేదు, జిల్లా ఆఫీసులు లేవు. మరి ఈ ఇళ్ల మీద డబ్బు పెడుతున్నది ఎవరు?

సంపాదన వేరేచోట పెట్టుకుని సంసారం ఇక్కడ పెట్టినవాళ్లు. గుత్తి ఇప్పుడు కాపురాల ఊరు. రాయలసీమలో ఇలాంటి ఊళ్లు ఇంకా ఉన్నాయి కానీ గుత్తిలో ఈ మార్పు స్పష్టంగా కనిపిస్తుంది. ప్రభుత్వాలు మాత్రం దీన్ని పాత తాలూకా కేంద్రంగానో, ఎప్పుడో ఒక పరిశ్రమ వచ్చి బాగుచేయాల్సిన వెనకబడ్డ ఊరిగానో చూస్తున్నాయి. రెండు చూపులూ ఈ ఊరికి నష్టమే చేశాయని నా అభిప్రాయం.

ఈ ఊరు ఒకప్పుడు ఇలా లేదు. పడమటి చాళుక్యుల నాటి శాసనాలున్న కోట ఇది. విజయనగర రాజులకు ముఖ్యమైన దుర్గం. పద్దెనిమిదో శతాబ్దంలో మరాఠా సర్దారు మురారి రావు ఘోర్పడే దీన్ని తన రాజధానిగా చేసుకున్నాడు. కొండ అంచున ఇప్పటికీ ఉన్న చిన్న సున్నపు మంటపం ఆయన కూర్చునే చోటని చెబుతారు. 1776లో హైదర్ అలీ ముట్టడించినప్పుడు కోట లొంగింది ఫిరంగులకు కాదు, దప్పికకు. సంధి మాటలు నడుస్తుండగా పైన నీళ్లు అయిపోవచ్చాయన్న సంగతి బయటికి పొక్కింది. ఆ తర్వాత హైదరుకు బేరమాడే అవసరం లేకపోయింది. కొండ మీద రాతిని తొలిచి అన్ని బావులు తవ్వించినా చివరికి నీళ్లే కోటను ఓడించాయి. అనంతపురం జిల్లాలో పుట్టినవాళ్లెవరికీ ఇందులో వింతేమీ అనిపించదు.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్లకు దత్తం చేశాక కూడా గుత్తి పెద్దరికం పోలేదు. మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో 1827 జులై 6న పత్తికొండలో కలరాతో చనిపోతే గుత్తికి తెచ్చి పూడ్చారు. 1831లో అస్థికలను మద్రాసుకు తీసుకుపోయారు. తాలూకా కచేరీ, కోర్టు, వాటి చుట్టూ వకీళ్లు, గుమాస్తాలు ఉండేవారు. 1885లో బొంబాయిలో కాంగ్రెసు మొదటి సభ జరిగితే గుత్తి నుంచి పట్టు కేశవపిళ్లై వెళ్లారు. అప్పటికి ఆయన ఇక్కడ వకీలు. దేశ రాజకీయాల మొదటి సభలో ఇంత చిన్న ఊరి మనిషి కూర్చున్నాడంటే అది కోర్టు, రైలు రెండూ ఉన్న ఊరు కాబట్టే.

ఆ రైలే తర్వాత గుత్తి ప్రాధాన్యాన్ని పక్క ఊరికి మోసుకుపోయింది. మద్రాసు నుంచి వచ్చిన లైను 1871లో రాయచూరు దగ్గర బొంబాయి లైనుతో కలిసింది. గుత్తి ఆ దారిలోనే ఉంది. కానీ స్టేషన్ ఊళ్లో కాకుండా దాదాపు 3 కిలోమీటర్ల దూరాన పడింది. ఆ పైన మీటర్‌గేజి లైన్లు వచ్చి కలిసింది గుంతకల్లులో. అప్పుడు గుంతకల్లు గుత్తి తాలూకాలో ఒక పల్లె మాత్రమే. 1956లో రైల్వే డివిజన్ కేంద్రమైంది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు గుత్తి చేతికింద ఉన్న ఊళ్లన్నీ గుత్తితో సమానమయ్యాయి. 2008 పునర్విభజనలో గుత్తి పేరుతో ఉన్న అసెంబ్లీ నియోజకవర్గం రద్దయి, మండలం గుంతకల్లు నియోజకవర్గంలో చేరింది. 2022లో కొత్త రెవెన్యూ డివిజన్ ఇచ్చినప్పుడు అదీ గుంతకల్లుకే పోయింది. అంటే ఒకప్పుడు తన తాలూకాలో ఉన్న పల్లెకు గుత్తి ఇప్పుడు అర్జీలు పట్టుకుని పోతోంది. ఈ మాట గుత్తి పెద్దమనుషుల దగ్గర అంటే కాస్త కోపం వస్తుంది, కానీ జరిగింది అదే.

ఇంత పోగొట్టుకున్న ఊరు మామూలుగా అయితే ఖాళీ అవ్వాలి. కాలేదు. ఎందుకు కాలేదో తెలియాలంటే మ్యాప్ చూడాలి. హైదరాబాద్–బెంగళూరు 44వ నంబరు జాతీయ రహదారి గుత్తి మీదుగా పోతుంది. కడప, తాడిపత్రి వైపు నుంచి బళ్లారి వైపు పోయే 67వ నంబరు రహదారి ఇక్కడే దాన్ని దాటుతుంది. అనంతపురం సుమారు 50 కిలోమీటర్లు, గుంతకల్లు 30, తాడిపత్రి 50. ఉత్తరాన పత్తికొండ దారి పట్టుకుంటే కాసేపటికే కర్నూలు జిల్లా. భర్త రైల్వేలో, భార్య పత్తికొండ వైపు ఏదో పల్లెలో టీచరు అనుకోండి. ఇద్దరికీ సమదూరంలో కాపురం పెట్టడానికి ఇంతకన్నా వీలైన ఊరు లేదు. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చాక పల్లెకు కొందరు చొప్పున కుర్ర ఉద్యోగులు తోడయ్యారు. పనిచేసే పల్లెలోనే ఉండాలని కాగితం మీద రాసి ఉన్నా, పెళ్లయి పిల్లలు పుట్టాక మకాం మార్చేది ఇలాంటి ఊళ్లకే.

స్టేషన్ దగ్గరి గుత్తి ఆర్.ఎస్. వేరే లోకం. అక్కడ డీజిల్ లోకో షెడ్ ఉంది, పేరు డీజిల్ అయినా ఇప్పుడు కరెంటు ఇంజన్లూ ఆ గూటికే చేరాయి. క్వార్టర్లలో ఉండి రిటైరైనవాళ్లు సొంతూరికి పోకుండా ఇక్కడే స్థలం కొని ఇల్లు కట్టుకుంటారు. పెన్షన్ ఇక్కడి బ్యాంకులోనే, స్నేహాలు ఇక్కడే, డాక్టరు తెలిసినవాడే. ఇంక పోయేదెక్కడికి?

మూడో రకం మనుషుల గురించి ఎవరూ పెద్దగా రాయరు. చుట్టుపక్కల పల్లెల రైతులు. వీళ్లకు ఊళ్లో ఇల్లుంది, పొలముంది, ఓటు కూడా అక్కడే ఉంది. కాపురం మాత్రం గుత్తిలో. పిల్లలు ఒకటో తరగతికి వచ్చేసరికి భార్య, పిల్లలు, ఒక్కోసారి అవ్వ కూడా బాడుగింటికి వచ్చేస్తారు. ఆయన పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తిని మోటారు సైకిల్ మీద పది పదిహేను కిలోమీటర్లు పోయి చెనక్కాయ చేనో, పత్తి చేనో, కంది చేనో చూసుకుని మాపటికి తిరిగొస్తాడు. కలుపుకో, పత్తి తీయడానికో పోయే ఆడకూలీల ఆటోలూ అదే దారి పడతాయి. పల్లె జనం పనికోసం పట్నానికి రావడం మనకు తెలిసిన కథ. ఇక్కడ పట్నంలో నిద్రలేచి పని కోసం పల్లెకు పోతున్నారు. మన జనాభా లెక్కల్లో ఈ మనిషిని ఎక్కడ రాయాలో ఆలోచించండి. నిద్రపోయేచోట రాస్తే పట్టణవాసి, చేలో రాస్తే గ్రామీణుడు.

ఈ మూడు రకాల డబ్బు ఊరి స్వభావాన్నే మార్చింది. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. వేరుశనగ మీద ఆధారపడిన ఊళ్లలో వాన పడితే అంగళ్లు నిండేవి, పడకపోతే వడ్డీ వ్యాపారి నిండేవాడు. ఇప్పుడు గుత్తి బజారు ఆకాశం వైపు చూడడం తగ్గించి క్యాలెండరు వైపు చూస్తోంది. కాలువ నీళ్లు సరిగా దక్కని ఈ ఊరికి నెల జీతమే కాలువ. ఒకటో తారీఖు నుంచి పదో తారీఖు దాకా సరుకుల అంగళ్లు, బట్టల షాపులు, చీటీల లెక్కలు కదులుతాయి. ఇరవై దాటాక బంగారం తాకట్టు పెట్టుకునే షాపుల వంతు. ట్యూషన్లు, స్కూలు వ్యాన్లు, మందుల షాపులు, కర్రీ పాయింట్లు, క్యాన్లలో నీళ్లు వేసే ప్లాంట్లు, ఇవన్నీ కాపురాలను నమ్ముకుని పుట్టిన వ్యాపారాలే. వీటిలో ఏదీ పెట్టుబడుల సదస్సుల్లో వినబడదు. వాన తప్పిన ఏడాది ఈ ఊరు పూర్తిగా కూలిపోకుండా పట్టుకున్నవి మాత్రం ఇవే.

అలాగని అంతా బాగుందని కాదు. కాపురాల ఊళ్లో మొదట నష్టపోయేది ఆడవాళ్లు. పల్లెలో చేనికి పోయే ఆమెకు సొంత కూలో, సొంత పాడో ఉండేది. బాడుగింట్లో గేదెను కట్టేయలేదు, చేను దూరమైంది. పిల్లలను స్కూలుకు పంపి క్యారియర్ కట్టాక పగలంతా ఖాళీ. ఖాళీ అంటే విశ్రాంతి అనుకోవద్దు, చేతిలో పైసా లేకపోవడం. పక్కనున్న పామిడిలో నైటీలు కుట్టే పని ఎంతోమందికి ఇంటి దగ్గరే అన్నం పెడుతోంది. అలాంటి కుట్టుపని గుత్తి వీధుల్లోకి రావడానికి భారీ పరిశ్రమ అక్కర్లేదు, ఒక షెడ్డు, కరెంటు, ముడి బట్ట తెచ్చిపెట్టే ఏర్పాటు చాలు. పరిశ్రమలంటే వందల ఎకరాలే గుర్తొచ్చేవాళ్లకు ఇది చిన్నదిగా కనిపిస్తుంది.

రెండోది చదువు. ఊరు పిల్లల కోసమే నిండింది కానీ పిల్లలు పదో, ఇంటరో దాటగానే ఊరు వాళ్లకు పనికిరాదు. ఆపైన అనంతపురం, కర్నూలు, తిరుపతి, తర్వాత బెంగళూరు. అంటే తల్లిదండ్రులు పదేళ్లు బాడుగ కట్టింది పిల్లలు ఇక్కడి నుంచి వెళ్లిపోవడానికే. జబ్బు చేసినా అదే దారి. కాస్త పెద్ద జబ్బయితే అనంతపురం, ఇంకా పెద్దదైతే కర్నూలు. జాతీయ రహదారి పక్కనే ఉన్న ఊళ్లో ప్రమాదాల వైద్యం బలంగా లేకపోవడం నన్నడిగితే నేరమే.

కోటను చూపించి పర్యాటకంతో ఊరు బాగుపడుతుందనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నాకు అంత నమ్మకం లేదు. కోట గొప్పదే. వరుసగా ద్వారాలు, బురుజులు, గుండెలవిసేలా ఎక్కాల్సిన మెట్లు. గుత్తి–పత్తికొండ దారిలో ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలు కూడా ఉన్నాయి. రెండూ కలిపి చూపిస్తే ఒక పూట యాత్ర అవుతుంది. కానీ హైవే మీద పోయే కార్లు ఒక పూట ఆగి టీ తాగిపోతే ఊరి బతుకు మారదు. తొలకరి వానలకు జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలు వెతకడానికి జనం వస్తారు. వాళ్లలో లక్షాధికారి అయ్యేది ఏ ఒక్కరో. పర్యాటకం మీద మన నాయకుల ఆశ కూడా అలాంటిదేననిపిస్తుంది. కోటను బాగుచేయాలి, ఎండకు నీడ, తాగడానికి నీళ్లు, రాత్రి తాగుబోతుల బెడద లేకుండా కాపలా పెట్టాలి. అది పొద్దున్నే ఎక్కే ఊరివాళ్ల కోసం, స్కూలు పిల్లల కోసం. వచ్చే టూరిస్టు రెండో లెక్క.

పరిశ్రమ వాదులు అడిగే ప్రశ్నకు విలువ ఉంది: జీతాల మీద, పెన్షన్ల మీద నిలబడ్డ ఊరు ఎంతకాలం నిలుస్తుంది? రైల్వేలో కొత్త ఉద్యోగాలు తగ్గితే, షెడ్డులో పని తగ్గితే ఏమవుతుంది? నిజమే. ఒక రైల్వే ఆర్డరుతో ఆర్.ఎస్. వైపు బాడుగలు పడిపోవచ్చు. కానీ పరిశ్రమ వచ్చిన ఊళ్లకు ఆ భయం లేదా? మూతపడ్డ మిల్లుల ఊళ్లు రాయలసీమలో తక్కువేమీ కాదు. కాపురాలు ఒక్క యజమానిని నమ్ముకుని రాలేదు. రోడ్డు, రైలు, కోర్టు, బడి, పొలం అన్నీ కలిసి తెచ్చాయి. ఆ రకంగా ఇది కాస్త గట్టి పునాదే.

ఇంతకీ ఈ కాపురాలు ఊరికి ఊరకే ఏమీ అడగడం లేదు. గుత్తి మున్సిపాలిటీ అయ్యాక పన్నుల బరువంతా ఇళ్ల మీదే. 2021 ఏప్రిల్ నుంచి రాష్ట్రంలో ఇంటి పన్నును పాత బాడుగ లెక్క వదిలేసి ఆస్తి విలువను బట్టి వేస్తున్నారు. ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదని హద్దు పెట్టారు. అయినా చిన్న ఊళ్లో రిటైరైన గుమాస్తాకు ఏటా పెరిగే ఆ పదిహేను శాతం బాగానే తెలుస్తుంది. ఫ్యాక్టరీ వస్తే భూమి మీద, కరెంటు మీద, పన్నుల మీద రాయితీలు ఇస్తారు. ఇల్లు కట్టుకున్నవాడికి రాయితీ వద్దు, కట్టిన పన్నుకు కాలువ మీద బండ వేస్తే చాలంటాడు.

పరిశ్రమ రాయితీల్లో వందోవంతు పెట్టినా గుత్తికి చాలా జరుగుతుంది. కొళాయికి టైము ప్రకారం నీళ్లు రావాలి. రోడ్డు ప్రమాదాల వైద్యం ఉన్న ఆస్పత్రి కావాలి. ఆడపిల్లలు రోజూ పోయి రాగల డిగ్రీ సీట్లు, అందులో నాలుగైదు పనికొచ్చే కోర్సులు కావాలి. ఊరికీ స్టేషన్‌కూ మధ్య ఉన్న ఆ 3 కిలోమీటర్లు రైల్వే వేసి నూటయాభై ఏళ్లు దాటినా దగ్గర కాలేదు. అర్ధరాత్రి రైలు దిగినవాళ్లకు ఆటోవాడు చెప్పిందే రేటు. రాత్రి రైళ్ల టైముకు ఒక ఆర్టీసీ బస్సు, దారి పొడుగునా వీధి దీపాలు వేయడానికి నియోజకవర్గం పేరు గుత్తిదే కానక్కర్లేదు. గుంతకల్లు ఎమ్మెల్యే సంతకం చేసినా వెలుగుతాయి.