బీచ్ గట్టున నిలబడ్డ చన్నీళ్ళ షవర్ గారికి

ఆగ్నేయ ఫ్లోరిడా తీరంలో, ఇసుక అయిపోయి పార్కింగ్ మొదలయ్యే చోట ఎండనకా వాననకా నిలబడి ఉచిత సేవలందిస్తున్న మహారాజశ్రీ చన్నీళ్ళ షవర్ గారికి నమస్కరించి వ్రాసుకొను విన్నపము.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే కానీ, మా వైపు కుశలం గురించి అబద్ధమాడే స్థితిలో మేము లేము. మే నెలలో ఒక శనివారం పామ్ బీచ్ వైపో, ఫోర్ట్ లాడర్‌డేల్ వైపో వెళ్ళి హాయిగా మునిగి వచ్చిన మనిషి, మర్నాటికి నడుము చుట్టూ, చంకల కింద, తొడల మీద ఎర్రటి పొక్కులతో, గోక్కోవడానికి రెండు చేతులూ చాలక కూర్చుని ఉంటాడు. అతడు సముద్రాన్ని తిడతాడు, సన్‌స్క్రీన్‌ను తిడతాడు, చివరికి హోటలు వారి దుప్పట్లను కూడా అనుమానిస్తాడు. తమరి పేరు మాత్రం ఎవరి నోటా రాదు. ఇంత పెద్ద కార్యంలో తమరి పాత్రకు దక్కవలసిన గుర్తింపు దక్కకపోవడం అన్యాయమనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

ఈ పొక్కులు తెప్పించే, అక్కడివారు సీ లైస్ (సముద్రపు పేలు) అని పిలిచే జీవులు నిజానికి పేలు కావని తమరికి తెలిసే ఉంటుంది. అసలు సీ లైస్ సాల్మన్ వంటి చేపలను పట్టి పీడిస్తాయి, వాటికి మన మీద ఆసక్తి లేదు. మనల్ని పట్టుకునేవి థింబుల్ జెల్లీఫిష్ అనే బుల్లి జెల్లీఫిష్ పిల్లలు. అర మిల్లీమీటరు మాత్రమే ఉండే ఈ పిల్లలు మార్చి నుంచి ఆగస్టు దాకా, గల్ఫ్ స్ట్రీమ్ ప్రవాహంలో కొట్టుకువచ్చి ఒడ్డు చేరతాయి. నీళ్ళలో తేలుతున్నంతసేపు వాటి జోలికి మనం గానీ, మన జోలికి అవి గానీ పోయేది తక్కువ. బట్టకూ ఒంటికీ మధ్య ఇరుక్కున్నప్పుడే, ఆ ఒత్తిడికి వాటి ఒంటి మీది విషపు ముళ్ళు విచ్చుకుంటాయి. అందుకే దద్దు చాలావరకు ఈత దుస్తుల హద్దులు దాటకుండా, దర్జీ కొలత తీసి గీసినట్టు వస్తుంది.

అయినా, ఒడ్డుకు వచ్చేసరికి వాటిలో చాలా ముళ్ళు ఇంకా విచ్చుకోకుండానే మిగిలి ఉంటాయి. తమరి ప్రవేశం సరిగ్గా ఇక్కడే. తడిబట్టలతో వచ్చిన మనిషి తమరి మీట నొక్కుతాడు. ఉప్పునీటికి అలవాటుపడ్డ ఆ విషపు కణాల మీద ఒక్కసారిగా ఉప్పు లేని నీరు పడగానే, లోపలికీ బయటికీ గాఢతలో తేడా వచ్చి, మిగిలినవి కూడా పేలిపోతాయి. జెల్లీఫిష్‌కు దూరపు చుట్టమైన హైడ్రా అనే బుల్లి నీటి జీవిలో శాస్త్రజ్ఞులు కొలిచి చూస్తే, ఆ ముల్లు దూసుకురావడానికి సెకనును పది లక్షల వంతులు చేస్తే అందులో ఒక్క వంతు కూడా పట్టలేదు. మీట నొక్కిన తరువాత తమరు నీళ్ళు వదలడానికి తీసుకునే వ్యవధితో పోలిస్తే ఇది మెచ్చుకోదగ్గ చురుకుదనం.

వైద్యులు చెప్పేది ఒక్కటే: ముందు బట్టలు విప్పండి, ఆ తరువాతే స్నానం చేయండి. తమరికేమో తలుపు లేదు, గోడ లేదు, కనీసం అడ్డంగా ఒక గుడ్డ కూడా లేదు. చుట్టూ నలభై కుటుంబాలు ఐస్‌క్రీమ్ తింటూ చూస్తుంటాయి. వైద్యుడి మాట వింటే పోలీసులు పట్టుకుంటారు, పోలీసుల మాట వింటే దద్దుర్లు పట్టుకుంటాయి.

ఈ విషయంలో తమరికి మా తెలుగువాళ్ళంత నమ్మకమైన భక్తులు దొరకరు. సముద్రస్నానమంటే చీరతోనో, లుంగీతోనో మూడు మునకలు వేయడమని ఎరిగిన పెద్దలు పిల్లలను చూడటానికి ఫ్లోరిడా వస్తారు. చుడీదారు, దాని మీద ఒక పెద్ద టీషర్టు, అవసరమైతే తలకు తువ్వాలు. మర్యాదకు లోటు లేదు, జెల్లీఫిష్ పిల్లలకు వసతికి అంతకన్నా లోటు లేదు. పైగా ఉప్పునీటి స్నానం తరువాత మంచినీళ్ళు పోసుకోవాలన్న ఆచారం కూడా ఉంది కనుక, ఆ బట్టల పొరలన్నిటితో సహా తమరి కింద నిలబడి, లోపలి పొర దాకా తడిసేట్టు, వెనక క్యూ పెరుగుతున్నా కదలకుండా స్నానం చేస్తారు. ఆ రాత్రి వారిని చూసిన అమెరికా మనవడు అమ్మవారు పోసిందేమోనని భయపడవలసిందే.

లైఫ్‌గార్డు గోపురం మీద ఊదా జెండా ఎగరేస్తున్నారు కదా అని తమరు అనవచ్చు. ప్రమాదకరమైన సముద్ర జీవులున్నాయని దాని అర్థమే. కానీ దాన్ని ఏదో పండుగ అలంకారమనుకుని దాని కింద నిలబడి సెల్ఫీ దిగేవారు కూడా ఉన్నారు. పైగా జెండా సముద్రం వైపు హెచ్చరిస్తుంది, తమరి వైపు వేలు చూపించదు.

న్యాయంగా చెప్పాలంటే, తమరికన్నా హీనమైన వైద్యం కూడా బీచ్‌లో ప్రచారంలో ఉంది. జెల్లీఫిష్ కుట్టిన చోట మూత్రం పోయాలని గట్టిగా నమ్మి, ఆ సేవకు స్వచ్ఛందంగా ముందుకొచ్చే మహానుభావులు ప్రతి తీరంలోనూ దొరుకుతారు. దానివల్ల ఉపయోగమున్నట్టు రుజువు లేదు. అది పలచగా ఉంటే చేసేది తమరు చేసే పనే, గౌరవం మాత్రం తక్కువ. ఫ్లోరిడాకు శీతకాలంలో కొట్టుకువచ్చే పోర్చుగీస్ మాన్ ఓ వార్ అనే, జెల్లీఫిష్‌లా కనిపించే నీలిరంగు జీవి కుడితే, తీగలను జాగ్రత్తగా తీసేసి, సముద్రపు నీటితో కడిగి, చర్మం ఓర్చుకోగలిగిన 45 డిగ్రీల వేడినీటిలో ఇరవై నిమిషాలు ఉంచితే నొప్పి తగ్గుతుందని చెబుతారు. తమరు ఆ వేడినీళ్ళే ఇవ్వగలిగితే తమరికి గుడి కట్టించేవాళ్ళం. తమరి దగ్గర ఉన్నవి చన్నీళ్ళే.

కనుక మా విన్నపం స్వల్పమైనది. తమరి పక్కన తలుపున్న చిన్న గది ఒకటి కట్టించమని పురపాలక సంఘం వారికి సిఫారసు చేయండి. అది కుదరకపోతే, 'ఇక్కడ కాళ్ళు మాత్రమే కడుక్కోవలెను' అన్న బోర్డు ఒకటి మెడలో వేసుకోండి. కాళ్ళకు అంటిన ఇసుకను వదిలించడంలో తమరికి సాటి లేదని మేమే సంతకాలు చేసి ఇస్తాం.

ఇట్లు,
దురద తగ్గించే హైడ్రోకార్టిసోన్ ట్యూబు చేతబట్టిన
తమ విధేయుడు

తా.క.: తమరి కింద తడిసిన ఆ బట్టలను హోటలు బాత్రూమ్ తలుపుకు ఆరేసి, మర్నాడు ఉదయం మళ్ళీ అవే వేసుకుని రావడం మావాళ్ళ పొదుపు. ఆరిన బట్టలోనూ పేలని ముళ్ళు మిగిలి ఉండవచ్చు కాబట్టి సబ్బుపొడితో ఉతికి డ్రయ్యర్ వేడిలో ఆరబెట్టాలని మేము చెప్పి చూశాం. హోటలు వాషింగ్ మెషీన్‌కు నాలుగు డాలర్లని తెలిసి ఎవరూ వినిపించుకోలేదు. కాబట్టి ఆదివారం కూడా మావాళ్ళు తమరి సన్నిధికి వస్తారు.