కార్డ్‌లెస్ కొన్నారు సరే, తీగ ఫోన్‌ని అటకెందుకు ఎక్కించేరు?

పెద్ద పోస్టే. ఓపిక లేనివాళ్ళు వదిలేయండి గానీ, ఊళ్ళో అమ్మానాన్నలకి కార్డ్‌లెస్ ఫోన్ కొనిచ్చి ఎక్కడో ఉద్యోగం చేసుకుంటున్నవాళ్ళు మాత్రం ఓపిక తెచ్చుకుని చదవండి, ఇది మీ కోసమే.

కార్డ్‌లెస్ కొనడం తప్పని నేననడం లేదు. ఇంకా చెప్పాలంటే డెబ్బై దాటినవాళ్ళకి అంతకంటే పనికొచ్చే వస్తువు ఇంకోటి లేదు. నా కోపమల్లా అది వచ్చిన రోజే పాత తీగ ఫోన్‌ని గుడ్డ చుట్టి అటకెక్కించేసి, కొత్తదాని బేస్‌ని, అంటే హ్యాండ్‌సెట్ పెట్టే పీఠాన్ని, షోకేసులో కొండపల్లి బొమ్మల పక్కన నిలబెట్టేసి, "అంతా సెట్ చేసేను నాన్నా, ఇంక మీరు చూసుకోండి" అని రైలెక్కేసే పిల్లల మీద. నువ్వు రైలెక్కేస్తావు, తర్వాత చూసుకునేది నేను.

శ్రీకాకుళంలో మా బలగ వైపు ఏ వీధిలో చూసినా ఇదే కథ, పిల్లలు హైదరాబాదు, బెంగళూరు, కొందరు అమెరికా, ఇక్కడ ఇంట్లో ముసలి దంపతులో లేకపోతే ఒంటరిగా ఒక పెద్దావిడో. నేను ఒకప్పుడు స్కూల్లో ఫిజిక్స్ చెప్పేను గనక వైరున్న ప్రతి వస్తువూ నాకు తెలుసని వీధి వీధంతా నమ్మకం. గీజర్ పనిచేయకపోయినా, కాలింగ్ బెల్ మోగకపోయినా, "మాస్టారూ, ఓపాలి వస్తారేటి" అని పిలుపొచ్చేస్తుంది. పిలిచినందుకు బాధ లేదు, కాఫీ ఇస్తారు, కబుర్లు చెప్తారు. కానీ ఫోన్ల దగ్గర మాత్రం ప్రతి ఇంట్లో అదే అపరాధం చూసి చూసి విసుగొచ్చింది.

ముందు ఒక సంగతి. "స్మార్ట్‌ఫోన్ ఇచ్చేం కదండీ, ఇంకా ల్యాండ్‌లైన్ ఎందుకు" అనేవాళ్ళుంటారు. బాబూ, గిన్నెలు తోముతున్న తడి చేత్తో ఆ అద్దం మీద పచ్చ గుండ్రాన్ని పైకి తోయడం మీకు వచ్చినంత సులువుగా మీ అమ్మకి రాదు, ఆవిడ తోసేలోపు కాల్ కట్ అయిపోతుంది, మీరేమో "ఎందుకు ఎత్తవు" అని విసుక్కుంటారు. మీ నాన్న సెల్ హ్యాంగర్‌కి తగిలించిన చొక్కా జేబులో సైలెంట్‌లో ఉంటుంది. ఇంటి ఫోన్ మోగితే ఇల్లంతా వినపడుతుంది, ఎవరు దగ్గరుంటే వాళ్ళెత్తుతారు. అందుకే ఇంటి ఫోన్ ఉండాలంటాను.

ఇప్పుడు అసలు విషయం. కార్డ్‌లెస్‌లో టెలిఫోన్ లైను వెళ్ళేది బేస్‌లోకి. మన చేతిలో ఉన్న హ్యాండ్‌సెట్‌కీ బేస్‌కీ మధ్య నడిచేది రేడియో. ఆ బేస్ బతికేది మన ఇంటి కరెంటు మీద. కరెంటు పోయిందా, హ్యాండ్‌సెట్‌లో బ్యాటరీ నిండుగా ఉన్నా సరే, తెర మీద గడియారం కనిపిస్తున్నా సరే, ఫోన్ చచ్చినట్టే. పాత తీగ ఫోన్ అలా కాదు, రాగి లైన్లో ఎక్స్ఛేంజ్ నుంచే సుమారు 48 వోల్టుల డీసీ వస్తుంది, ఎక్స్ఛేంజ్‌లో బ్యాటరీలుంటాయి, మన వీధి చీకట్లో ఉన్నా దాని పని అది చేసుకుపోతుంది. ఈ ఒక్క తేడా తెలియక మనవాళ్ళు మంచిదాన్ని తీసేసి, కరెంటుంటేనే పలికేదాన్ని పెట్టేరు. అదీ ఎక్కడ? శ్రీకాకుళంలో!

తుఫాను మనకి కొత్తా? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు ఎలా పడిపోయేయో చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, కొన్ని ఊళ్ళకి రోజుల తరబడి కరెంటు లేదు. గాలి మొదలవ్వకముందే ముందుజాగ్రత్తగా కరెంటు ఆపేస్తారు, అంటే మీ అమ్మకి మీరు ఫోన్ చెయ్యాలని గట్టిగా అనిపించే ఆ రాత్రే, సరిగ్గా ఆ గంటకే, మీరు కొనిచ్చిన కార్డ్‌లెస్ మూగబోతుంది. చెట్టు పడి లైనే తెగిపోతే తీగ ఫోనూ పలకదు, అది ఒప్పుకుంటాను. కానీ లైను బాగుండి కూడా ఇంట్లో కరెంటు లేదని మాట్లాడలేకపోవడం మాత్రం చేతులారా చేసుకున్నదే.

కాబట్టి రాగి లైను ఉన్నవాళ్ళు ఒక లైనుని రెండు చేసే చిన్న సాకెట్ కొని, ఒకదానికి కార్డ్‌లెస్ బేస్, ఇంకోదానికి పాత తీగ ఫోన్ పెట్టండి. దానికి పెద్ద ఖరీదేం ఉండదు. రెండూ మోగుతాయి, ఏది ఎత్తినా మాటొస్తుంది.

ఫైబర్ వేయించుకున్నవాళ్ళ లెక్క వేరు. వాళ్ళకి ఫోన్ లైను వచ్చేది గోడకి కొట్టిన ఆ తెల్ల బాక్సులోంచి, ఆ బాక్సుకీ కరెంటు కావాలి, కాబట్టి అక్కడ తీగ ఫోన్ పెట్టినా కరెంటు పోతే మూగదే. "ఇన్వర్టర్ ఉంది కదా మాస్టారూ" అంటారు. ఉంది, కానీ మన ఇళ్ళల్లో ఇన్వర్టర్ లైను ఫ్యాన్లకీ లైట్లకీ మహా అయితే హాల్లో టీవీకీ ఇస్తారు, ఈ బాక్సు పెట్టిన ప్లగ్గుకి ఇచ్చినవాళ్ళు అరుదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ ప్లగ్గుని కూడా ఇన్వర్టర్ మీదకి మార్పించండి, బాక్సూ బేసూ రెండూ అక్కడే పెట్టండి. ఇన్వర్టర్ లేకపోతే రౌటర్లకి పెట్టే చిన్న బ్యాకప్‌లు దొరుకుతున్నాయి, బాక్సు అడాప్టర్ మీద ఎన్ని వోల్టులని రాసుందో చూసి అదే కొనండి, అయితే దాంతో బాక్సు ఒక్కటే బతుకుతుంది, అందుకని బాక్సు ఫోన్ పోర్టుకి తీగ ఫోన్ కూడా కలిపి ఉంచండి. మళ్ళీ తీగ ఫోన్ దగ్గరికే వచ్చేం చూడండి.

ఇక బేస్ ఎక్కడ పెట్టాలన్నది. దీని మీద ఎవరూ ఆలోచించరు, ప్లగ్గు ఎక్కడుంటే అక్కడ. పక్క వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు, పాతకాలం ఇల్లు, మూరెడు మందం గోడలు. "మా గుంటడు కొని పంపేడు మాస్టారూ, ఏటో గుర్రుగుర్రుమంటంది, పెరట్లోకెల్తే ఆగిపోతంది, మీరే సూడాలి" అన్నారు. వెళ్ళి చూస్తే బేస్ పడగ్గదిలో ఉంది, టీవీ వెనకాల, ఇనప బీరువాకీ గోడకీ మధ్య సందులో. ఆ బీరువా అడ్డముంటే సిగ్నల్ ఎటు పోతుంది? ఆవిడేమో మాట వినపడాలని రోజూ ఎండలో వీధి గుమ్మంలోకొచ్చి నిలబడి మాట్లాడుతున్నారట, కొడుక్కి మాత్రం చెప్పలేదు, "దూరం నుంచి కొన్నాడు కదా, ఎలా సెప్తాం" అని. లోపలి వసారాలో ఒక గూడుంది, దీపం పెట్టుకునేది కాదు, ఖాళీది, అందులోకి లైను సాగదీసి బేస్ పెట్టేం. హ్యాండ్‌సెట్ పట్టుకుని ఆవిడ పెరట్లో గోలెం దాకా నడిచేరు, "వినపడతందా" అంటే "మీరు నా సెవిలోనే ఉన్నట్టుంది" అన్నారు. ఫోన్లో లోపం ఏమీ లేదు, చోటే తప్పు.

అట్టపెట్టె మీద ఇంట్లో యాభై మీటర్లు, బయట మూడొందల మీటర్లు అని వేస్తాడు. అది ఏ అడ్డూ లేనిచోట మాట. మన గోడలు, బీరువాలు, శ్లాబు లెక్క వాడు వేసుకోలేదు. డెక్ట్ రకం ఫోన్లయితే, అంటే కార్డ్‌లెస్‌ల కోసమే ఉన్న రేడియో పద్ధతివైతే, 1880 నుంచి 1900 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి, వైఫైతో గొడవుండదు. 2.4 గిగాహెర్ట్జ్ అని రాసున్నవి కొంటే వైఫై కూడా అక్కడే తిరుగుతుంది కాబట్టి రౌటర్ పక్కన అస్సలు పెట్టకండి. మేడ మీద ఒకరు కింద ఒకరు ఉండే ఇళ్ళయితే రెండు హ్యాండ్‌సెట్ల సెట్ తీసుకోండి, ఇంటర్‌కమ్‌కి బిల్లు పడదు, "భోజనానికి రండి" అని మెట్లు ఎక్కి పిలవక్కర్లేదు, మోకాళ్ళ నొప్పులవాళ్ళకి ఇదొక్కటి చాలు డబ్బు గిట్టినట్టే.

అమెరికా నుంచి తెచ్చేవాళ్ళకి వేరేగా దండం. మీకు అక్కడ చవగ్గా వచ్చి ఉండొచ్చు, కానీ చాలావాటి అడాప్టర్ 120 వోల్టులదే, మన ప్లగ్గులో 230. అలాంటిది పెడితే కాలిన వాసనొస్తుంది. సరే అడాప్టర్ మార్చి నడిపించేం అనుకోండి, అక్కడి డెక్ట్ 6.0 ఫోన్లు వాడేది 1920 నుంచి 1930 మెగాహెర్ట్జ్, ఇక్కడ ఆ జాగా మొబైల్ కంపెనీలకిచ్చినది. అంటే ఆ ఫోన్ ఇక్కడ వాడకూడదు. సూట్‌కేసులో ఆ బరువుకి బాదంపప్పు తెండి, మీ నాన్న సంతోషిస్తారు.

తర్వాత సున్నా. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కి చెయ్యాలంటే ముందు సున్నా కొట్టాలి. ఇది పేపర్లో వచ్చింది, అందరూ చదివేరు, మర్చిపోయేరు. హ్యాండ్‌సెట్ ఫోన్‌బుక్‌లో మాత్రం పాత పది అంకెలే ఎక్కించి ఉంటాయి. ఇంకో తిరకాసు ఏంటంటే, మా వీధి సెట్లలో నేను చూసినంతవరకు మీరు చేసిన కాల్ మిస్సైతే తెర మీద పది అంకెలే పడతాయి, పాపం పెద్దాయన ఆ నంబర్ మీదే పచ్చ బటన్ నొక్కుతాడు, సున్నా లేదు కాబట్టి పోదు, అవతల ఒకావిడ గొంతు ఏదో చెప్తుంది, ఈయన "మావాడు ఫోన్ ఎత్తట్లేదు" అని మనసులో పెట్టుకుంటాడు. నిజంగా ఇలా నెలల తరబడి కొడుకు మీద అలిగిన ఒక తండ్రిని నాకు తెలుసు. కాబట్టి మీ నంబర్‌ని సున్నాతో సహా స్పీడ్ డయల్‌లో వేసి, ఒకటి గట్టిగా నొక్కితే పెద్దోడు, రెండు నొక్కితే అమ్మాయి, అని స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసి బేస్ పక్కన గోడకి అంటించండి. రాసేక వాళ్ళ చేత మీ ఎదుటే ఒకసారి చేయించండి, మీరు చేసి చూపించడం కాదు.

ఎత్తడం దగ్గర కూడా. యాభై ఏళ్ళుగా రిసీవర్ ఎత్తితే చాలు మాటొచ్చే ఫోన్ వాడినవాళ్ళు, హ్యాండ్‌సెట్ తీసి "హలో, హలో" అంటారు, బటన్ నొక్కాలని గుర్తురాదు. బేస్ మీంచి తీస్తే చాలు కాల్ ఎత్తినట్టే అయ్యే సెట్టింగ్ ఒకటి ఉంటుంది, కొన్నింట్లో అది మొదట ఆఫ్‌లో ఉంటుంది, మెనూలో వెతికి ఆన్ చెయ్యండి. మాట్లాడేక మంచం మీద పడేస్తే లైను తెరిచే ఉండిపోతుంది, మీకేమో గంటల తరబడి ఎంగేజ్ టోన్, మీరు కంగారుపడి నాకు చేస్తారు. "మాటవ్వగానే దాని ఇంట్లో దాన్ని పెట్టెయ్యండి" అని నేను చెప్తుంటాను, పెడితే కాల్ కట్టవుతుంది, ఛార్జింగూ ఎక్కుతుంది. కనపడకపోతే బేస్ మీద బటన్ నొక్కితే హ్యాండ్‌సెట్ మోగుతుందని కూడా చెప్పండి, మా వీధిలో ఒకటి బియ్యం డబ్బా మీద, ఇంకోటి దేవుడి గదిలో పంచాంగం కింద దొరికేయి. ఛార్జ్ అయిపోయినదైతే అదీ మోగదు, అప్పుడు చేత్తోనే వెతుక్కోవాలి.

రింగ్‌టోన్ సన్నగా కీచుగా ఉన్నది పెట్టకండి, వయసు పైబడితే ముందు వినపడకుండా పోయేవి ఆ సన్న శబ్దాలే. మోటుగా బొంగురుగా మోగేదే పెట్టండి, ఫుల్ వాల్యూమ్‌లో.

పిడుగులు పడే రోజుల్లో అడాప్టర్‌తో పాటు లైను పిన్ను కూడా పీకమని చెప్పండి, రాగి లైను గుండా కూడా షాక్ వస్తుంది. అడాప్టర్ ఒక్కటే పీకి లైను వదిలేస్తే బేస్ కాలిపోవచ్చు.

చివరికి బ్యాటరీలు, ఎందుకంటే ఏ కంపెనీ మంచిదని అడిగేవాళ్ళకి నేనిచ్చే జవాబు ఇదే, కంపెనీ సంగతి తర్వాత, ముందు బ్యాటరీలు చూడండి. కొత్తవి వేసేక మొదటిసారి ఏడెనిమిది గంటలు కదపకుండా ఛార్జ్ ఎక్కనివ్వండి, మాన్యువల్లో ఇంకా ఎక్కువ రాసుంటే అంతసేపూ. కొన్నేళ్ళు పోయేక రెండు మాటలకే కీకీ మని అరుస్తుంది, అప్పుడు ఫోన్ పాడైందని కొత్తది ఆర్డర్ పెట్టెయ్యకండి. మూత తీస్తే రెండు సన్న సెల్స్ ఉంటాయి, ట్రిపుల్ ఏ సైజు, నికెల్ మెటల్ హైడ్రైడ్, 1.2 వోల్టులు, రీఛార్జబుల్ అని రాసుంటుంది, అవే కావాలి. కిరాణా కొట్లో రిమోట్‌కి వేసే సెల్స్ సైజు సరిపోతుంది కదా అని వేస్తారు, అవి ఛార్జింగ్ ఎక్కేవి కావు, బేస్ మీద పెడితే వేడెక్కి కారిపోతాయి, ఆ పులుసుకి లోపల స్ప్రింగులు పచ్చబడి పోతాయి. జీటీ రోడ్డులో ఎలక్ట్రానిక్స్ కొట్లలో అడిగితే దొరుకుతాయి, దొరక్కపోతే ఆన్‌లైన్‌లో పెట్టి ఇంటికి పంపండి, వెయ్యడం మీరు సెలవుకి వచ్చినప్పుడు కుదరకపోతే నేను వేస్తాను, అటకమీంచి తీగ ఫోన్ మాత్రం వచ్చినప్పుడు మీరే దించండి, నాకు నిచ్చెనెక్కే ఓపిక లేదు.